అన్న తీగ

ఆ ఊళ్ళో అతన్ని అందరూ కేబులన్న అనేవాళ్ళు. తమ్ముడి వయసు వాళ్ళూ అలాగే పిలిచేవారు, తండ్రి వయసు వాళ్ళూ అలాగే పిలిచేవారు. ఊరు ఒక దీవి మీద ఉంది. దీవికీ అవతలి పెద్ద తీరానికీ మధ్య సముద్రం అడుగున ఒక తీగ పరిచి ఉంది. ఫోను మోగాలన్నా, ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి పెద్దాసుపత్రి వాళ్ళకు చూపించాలన్నా, బ్యాంకు తలుపులు తీసినందుకు ప్రయోజనం ఉండాలన్నా, పడుచువాళ్ళు అరుగుల మీద కూర్చుని సినిమాలు చూడాలన్నా సమస్తం ఆ తీగలోంచే వచ్చిపోవాలి. అది నీళ్ళలోంచి ఒడ్డెక్కే చోట, ఇసుకదిబ్బ వెనక, కిటికీలు లేని ఒక కాంక్రీటు గది ఉంది. దాన్ని స్టేషన్ అంటారు. ఆ స్టేషన్‌ను కనిపెట్టుకుని ఉండేవాడు కేబులన్న.

నిజానికి అతను వేటకు వెళ్ళాల్సినవాడు. తండ్రికి మరపడవ ఉండేది. కాని పెద్దకొడుక్కి సముద్రం పడలేదు. పడవ రేవు దాటిందో లేదో, మోకు పట్టుకోవాల్సిన చేత్తో కడుపు పట్టుకునేవాడు. "చేపలకు మేత వెయ్యడానికి తప్ప వీడు దేనికీ పనికిరాడు" అని తండ్రి రేవులో నలుగురి ముందూ నవ్వేవాడు. కొడుకూ నవ్వేవాడు గాని లోపల చిన్నబుచ్చుకునేవాడు. తీగ వేసే ఓడ వచ్చిన ఏడాది ఒడ్డున కాలువ తవ్వడానికి కూలీలు కావాలన్నారు. పలుగు భుజాన వేసుకుని వెళ్ళాడు. తవ్వకం అయ్యాక కాపలాకు ఉండమన్నారు, ఉన్నాడు. వచ్చిపోయే ఇంజనీర్ల వెనకాలే తిరుగుతూ బ్యాటరీల సంగతీ, జనరేటరు అలకల సంగతీ, ఏ దీపం ఎర్రబడితే ఏం జరిగినట్టో ఆ సంగతీ ఒక్కొక్కటే వంటబట్టించుకున్నాడు. తర్వాత కంపెనీ వాళ్ళే అవతలి తీరానికి పిలిపించి పని నేర్పించారు. తిరిగొచ్చిన రోజున చొక్కా జేబు మీద కంపెనీ గుర్తు ఉంది. తండ్రి దాన్ని వేలితో తడిమి చూసి, వల సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ తడమడమే అతనికి చాలు.

పడవ తమ్ముడికి వచ్చింది. తమ్ముడు అన్నకు పూర్తిగా వేరు. గలగలా మాట్లాడేవాడు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయేవాడు, సముద్రం అంటే వాడికి వీధి అరుగు. వేట లేని రోజుల్లో స్టేషన్‌కొచ్చి, ఏసీ చల్లదనానికి నేల మీద వెల్లకిలా పడుకుని కబుర్లు చెప్పేవాడు.

"నాన్న మనకు సముద్రాన్ని సమంగా పంచాడన్నయ్యా. పైది నాకు, అడుగుది నీకు."

"అడుగుది నాకైతే చేపలన్నీ నావేగా?"

"అందుకే నిన్ను అడక్కుండా పట్టుకుపోతున్నా."

బల్ల మీద మణికట్టంత లావున ఒక తీగ ముక్క ఉండేది. చుట్టూ ఇనుప కమ్ములు, వాటి లోపల రాగి, దాని లోపల వెంట్రుక కంటే సన్నని గాజు దారాలు. ఆ దారాల్లో వెలుగు పరుగెడుతుందని, ఊరి మాటలన్నీ ఆ వెలుగేనని అన్న చెబితే తమ్ముడు ముక్కను కంటికి ఆనించి చూసేవాడు. "ఇంత ఇనప కోటు తొడుక్కుని లోపల ఇంత బక్కగా ఉందేమిటి? అచ్చం నీలాగే" అనేవాడు.

ఏటా వేట మొదలయ్యే ముందు కేబులన్న రేవుకు వెళ్ళి ఒకే మాట చెప్పేవాడు. ఒడ్డున రెండు తెల్ల స్తంభాలు పాతి ఉన్నాయి. వాటికి ఎదురుగా ఉన్న నీళ్ళలోనూ, అక్కణ్ణుంచి సముద్రంలోకి పొడుచుకొచ్చిన దీవి కొమ్ము దాకా పోయే దారిలోనూ ఎవరూ లంగరు వేయకూడదు. అంతే. తీగ ఎక్కడ ఎంత లోతున ఉందో, ఎక్కడ బండల మీద ఉందో ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. మనుషులకు ఎంత తక్కువ చెబితే అంత బాగా గుర్తుంటుందని అతని నమ్మకం. మొదట్లో పడవలు నడిపే సరంగులు తలలూపి, వెనక్కి తిరిగి నవ్వుకునేవాళ్ళు. ఒకసారి ఎవరిదో లంగరు తగిలి తీగ తెగింది. మరమ్మతు ఓడ వచ్చేదాకా, దాదాపు నెలరోజులు, ఊరు మూగబోయింది. డాక్టరమ్మ ఒక పసివాడి ఛాతీ ఎక్స్‌రే చేత్తో పట్టుకుని లాంచీ ఎక్కి అవతలి తీరానికి పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత తమ్ముడే రేవులో ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. ఎవరైనా స్తంభాల ఎదురుగా వేగం తగ్గిస్తే చాలు, తన పడవలోంచే కేకేసేవాడు: "ఒరేయ్, అది మా అన్న తీగ! దాని జోలికొచ్చారో, మీ ఆవిడ ఫోన్లు ఎత్తక్కర్లేకుండా చేస్తా!" జనం నవ్వేవారు, నవ్వుతూనే దూరం జరిగేవారు. అన్న వంద సార్లు చెప్పినా ఎక్కని మాట తమ్ముడి నవ్వుతో ఎక్కింది.

గాలివాన వచ్చిన రోజు పొద్దున వాతావరణం వాళ్ళ కబురు సాయంత్రానికి గాలి పెరుగుతుందనే చెప్పింది. ఆ కబురు వచ్చిందీ ఆ తీగలోంచే. మధ్యాహ్నానికల్లా వచ్చేద్దామని పడవలన్నీ వెళ్ళాయి. తమ్ముడు పడవలో చేదోడుగా ఉండే తన కళాసిని తీసుకుని వెళ్ళాడు. ఆ కళాసి ఊళ్ళోకెల్లా పొడుగు, అందుకే అతన్ని పొట్టి అనేవారు. గాలి మాత్రం సాయంత్రం దాకా ఆగలేదు. భోజనాల వేళకే ఇసుక లేచి స్టేషన్ తలుపును గీకడం మొదలుపెట్టింది.

కేబులన్న జనరేటరులో డీజిలు పోసి లోపలికి వచ్చేసరికి దీపాలన్నీ ఎర్రగా ఉన్నాయి. అవతలి తీరం నుంచి వెలుగు రావడం లేదు. ముందు కరెంటు చూశాడు, తర్వాత ఒడ్డున తీగ పైకొచ్చే గొయ్యి మూత ఎత్తి అతుకులు చూశాడు. అంతా సరిగానే ఉంది. అప్పుడు పరీక్ష యంత్రం తగిలించాడు. అది తీగలోకి ఒక చిన్న వెలుగు తునకను వదులుతుంది. తెగిన చోటు దాకా పోయి ఆ వెలుగు కొట్టుకుని వెనక్కొస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి తీగ ఎంత దూరంలో తెగిందో యంత్రమే చెబుతుంది. అది చూపించిన దూరాన్ని పటం మీద పెట్టి చూశాడు. దీవి కొమ్ము దగ్గర. అక్కడ అడుగంతా రాయి కావడంతో తీగను పూడ్చడం కుదరలేదు, రెండు బండల మధ్య వేలాడుతూ ఉంటుంది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. ఉపగ్రహం ఫోనులో అవతలి తీరంలోని ఇంజనీరుకు చెప్పాడు. "ఎవడో లంగరు వేశాడు సార్. కొమ్ము దగ్గర, బండల్లో."

"ఎవరి బోటో కనుక్కో. రిపోర్టులో రాయాలి."

"కనుక్కోవడమేంటి సార్, మెడ పట్టుకుని తీసుకొస్తా" అన్నాడు.

వానకోటు తొడుక్కుని రేవుకు వెళ్ళాడు. గాలికి నడవడం కష్టమై గోడలు పట్టుకుంటూ పోయాడు. పడవలు చాలావరకు వచ్చేసి, ఒకదానికొకటి రాసుకుంటూ కట్టి ఉన్నాయి. జనం వల షెడ్డు చూరు కింద తడిసి నిలబడ్డారు. వెళ్తూనే అరిచాడు. "ఎవడ్రా కొమ్ము దగ్గర లంగరు దించింది? చెప్పండి! ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక ముసలి సరంగు అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

"అందరూ వచ్చేశారు కేబులన్నా. రాంది ఒక్క పడవే."

అతను తిరిగి పడవల వరుస చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు. ఊళ్ళో ఎవడైనా అక్కడ లంగరు వేస్తాడని నమ్మేవాడు గాని, తమ్ముడు వేస్తాడని కలలో కూడా అనుకోలేదు. అందుకే స్టేషన్లో పటం చూస్తున్నప్పుడు వాడు తలపులోకే రాలేదు.

"వాడు దక్షిణం వైపు పోయాడు. అటే వెతుకుదాం" అంటున్నారు ఎవరో.

"కాదు, కొమ్ము దగ్గర" అన్నాడు. "కొమ్ము దగ్గరే ఉన్నాడు. పదండి."

రెండు పడవలు బయల్దేరాయి. మొదటిదాంట్లో అతనే ఎక్కాడు. అతనికి సముద్రం పడదన్న సంగతి ఆ సమయాన ఎవరికీ గుర్తు రాలేదు. కొమ్ము దగ్గరికి చేరేసరికి నీళ్ళ మీద పలకలు, ఒక చెప్పు, నీలం డ్రమ్ము కనిపించాయి. డ్రమ్మును కావలించుకుని పొట్టి ఉన్నాడు. అతన్ని పైకి లాగుతుంటే చేతులు విడదీయడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. తమ్ముడు కనిపించలేదు. మర్నాడు గాలి తగ్గాక, కొమ్ము వెనకాల గులకరాళ్ళ ఒడ్డున దొరికాడు.

చావు ఇంట్లో ఎవరికైనా ఏడవడానికి తీరిక ఉంటుంది. కేబులన్నకు అదీ దొరకలేదు. తీగ తెగితే ఆసుపత్రికీ పోలీసులకూ మటుకు ఉపగ్రహం మీదుగా సన్నటి దారి ఒకటి ఇవ్వాలి. దాన్ని నిలబెట్టడం తెలిసినవాడు దీవిలో అతనొక్కడే. తమ్ముణ్ణి సాగనంపి, తడి బట్టలైనా మార్చుకోకుండా ఆసుపత్రి మేడ ఎక్కి గాలికి పక్కకు తిరిగిన డిష్షును సరిచేశాడు. డాక్టరమ్మ మెట్ల మీద నిలబడి, "మీరు ఇంటికెళ్ళండి, రేపు చూద్దాం" అంది. "రేపటికి ఎవరికి ఏం అవసరమొస్తుందో" అని బోల్టులు బిగిస్తూనే ఉన్నాడు. కిందికొచ్చేసరికి రోడ్డు మీద ఎవరో ఆపి, "ఎప్పుడొస్తుందన్నా నెట్టు?" అని అడిగారు. అడిగాక మొహం చూసి నాలుక కరుచుకున్నారు. "ఓడ రావాలి. వస్తుంది" అన్నాడు.

పొట్టి కోలుకున్నాక ఒక సాయంత్రం స్టేషన్‌కొచ్చాడు. డీజిలు డబ్బా మీద కూర్చున్నాడు. చాలాసేపు తన అరచేతులే చూసుకున్నాడు.

"నీకు చెప్పాలన్నా. చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు."

"చెప్పు."

"ఇంజనులోకి నీళ్ళు పోయి ఆగిపోయింది. అప్పటికి స్తంభాల ఎదురుగా ఉన్నాం. నేను లంగరు దగ్గరికి పోయాను. ‘ఆగరా, ఇక్కడ అన్న తీగ ఉంది. కాస్త ఓపిక పట్టు, ఇంజను అందుకుంటుంది’ అన్నాడు. ఇంజను అందుకోలేదు. గాలి మమ్మల్ని కొమ్ము వైపు ఈడ్చుకుపోతోంది. బండల మీద నురుగు కనబడుతోంది. మళ్ళీ అరిచాను. ఈసారి తనే వచ్చి లంగరు తోసేశాడు. ‘అన్న తిడతాడురా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడన్నా."

కేబులన్న బల్ల మీది తీగ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు.

"లంగరు రాళ్ళ మీద జారింది. జారి జారి దేన్నో పట్టుకుంది. పడవ ఆగింది. నిజంగా ఆగిందన్నా, కాసేపు. బతికాం అనుకుని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతలో టప్పున వదిలేసింది."

"ఇంజను ఆగినప్పుడు... స్తంభాలకు సరిగ్గా ఎదురుగానేనా?"

"నడిమధ్యన."

"గాలికి లంగరు అక్కడ పట్టేదా?"

"అక్కడంతా ఇసుకేగా. గట్టిగా పట్టేది."

అతనికి ఆ పైన ఏమీ వినబడలేదు. స్తంభాల ఎదురుగా ఇసుక నేల. అక్కడ తీగ నడుంలోతు ఇసుక కింద ఉంది. ఓడ వాళ్ళు నాగలి లాంటి యంత్రంతో చాలు తీసి అందులో పడుకోబెట్టి పూడ్చారు. తను కళ్ళారా చూశాడు. తమ్ముడి లంగరు అక్కడ పడి ఉంటే పడవా నిలిచేది, తీగకూ గీత పడేది కాదు. రెండు స్తంభాలు, మధ్యలో ఏమీ వద్దు అని ఇన్నేళ్ళూ ఒకే మాటగా చెప్పింది తను. ఇసుక వేరు, బండలు వేరు అని ఒక్కసారి, ఆ నేల మీద వెల్లకిలా పడుకుని కబుర్లాడుతున్నప్పుడైనా, చెప్పలేదు.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లిగా, "ఈ మాట చెల్లికి మాత్రం చెప్పకండి. తట్టుకోలేదు" అంది. చెల్లి అంటే తోడికోడలు, తమ్ముడి భార్య. సరేనన్నాడు.

కాని పొట్టి తనకు తెలిసినంత తమ్ముడి భార్యకూ చెప్పేశాడు. మర్నాడు కేబులన్న కూరగాయల సంచీ ఇవ్వడానికి వెళితే మరదలు గుమ్మంలోనే నిలబడింది. పిల్లను లోపలికి పంపింది. ఎన్నడూ అతని ఎదుట గొంతెత్తని మనిషి.

"ఆఖర్న నా పేరెత్తాడా, పిల్ల పేరెత్తాడా అని అడిగాను బావగారూ. లేదన్నాడు. అన్న తీగ, అన్న తిడతాడు. ఇవే మాటలట." ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. "మీ తీగ అతుక్కుంటుంది. ఓడ వస్తుందటగా. మరి నాకు?"

అతను సంచీ గడప పక్కన పెట్టి వచ్చేశాడు. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. తోడికోడలు అన్నం తెస్తే తీసుకునేది, పిల్లను వాళ్ళింటికి పంపేది, అతను ఎదురొస్తే మాత్రం పక్క సందులోకి తిరిగేది. వల షెడ్డులో చిరిగిన వలలు అల్లే పనికి కుదిరింది.

మరమ్మతు ఓడ వచ్చింది. అడుగున కొక్కేలు ఈడ్చి తీగ రెండు కొసలనూ పట్టి పైకి తీశారు. ఓడ మీద ఒక్కొక్క గాజు దారాన్నీ అతుకుతుంటే, స్టేషన్లో కూర్చుని ఇటు నుంచి వెలుగు పంపుతూ సరిచూడటం అతని పని. "కనిపిస్తోందా?" అని వాళ్ళు అడుగుతారు. "కనిపిస్తోంది" అని అతను అంటాడు. మళ్ళీ ఇంకో దారం. మధ్యలో ఓడ మీది పెద్దాయన, "ఒక కొసకు లంగరు చుట్టుకుని ఉంది, ఒడ్డుకు పంపిస్తున్నాం, మీ రిపోర్టుకు పనికొస్తుంది" అన్నాడు. పంపించారు. ఆ లంగరు రెక్క ఒకటి ఎప్పుడో విరిగితే తమ్ముడు అతికించిన అతుకు వంకరగా, లావుగా ఉంది. కేబులన్న దాన్ని చూసి, రిపోర్టులో పడవ ఎవరిదో ఉన్నదున్నట్టు రాశాడు. ఇంజనీరు ఫోను చేసి, "గుర్తు తెలియని బోటు అని రాద్దామా?" అని మెత్తగా అడిగాడు. "వద్దు సార్. గుర్తు తెలియకపోవడమేంటి" అన్నాడు.

ఆ సాయంత్రం దీపాలు పచ్చబడ్డాయి. ఊరంతా ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. అరుగుల మీద పడుచువాళ్ళు ఈలలు వేశారు. అతను తలుపు వేసుకుని లోపలే కూర్చున్నాడు.

మళ్ళీ వేట మొదలయ్యే కాలం వచ్చింది. ఎప్పటిలాగే రేవుకు వెళ్ళాడు. ఈసారి పటం తీసుకెళ్ళి వల షెడ్డు గోడకు అంటించాడు. అక్కడే ఓ మూల మరదలు తల వంచుకుని వల అల్లుతోంది. ఆమె ఉందని తెలిసే మొదలుపెట్టాడు.

"ఇదిగో, స్తంభాల ఎదురుగా ఇదంతా ఇసుక. ఇక్కడ తీగ నడుంలోతున ఉంది. మీ లంగర్లు దానికి తగలవు. ఈ సంగతి నేను ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. చెప్పి ఉంటే మా తమ్ముడు ఉండేవాడు."

వల అల్లే చెయ్యి ఆగింది.

"ఇక్కణ్ణుంచి బండలు. ఇక్కడ తీగ పైకే ఉంది, లంగరు వేస్తే తెగుతుంది. మామూలప్పుడు ఎక్కడా వెయ్యకండి. కాని ప్రాణం మీదకొస్తే ఎక్కడున్నారో చూడకండి. వేసెయ్యండి. తీగ తెగితే తెగనీండి. అతుకు పెట్టుకుంటాం. నేను తిట్టను."

పటం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. షెడ్డు మూల వల అల్లడం మళ్ళీ మొదలైంది.

ఈ సంగతి ఇంజనీరు దాకా పోయింది. "తీగ తెంపుకోమని నువ్వే చెప్పావటగా?" అన్నాడు ఫోనులో.

"చెప్పాను సార్. తప్పయితే తీసెయ్యండి."

అటు నుంచి నిట్టూర్పు వినబడింది. తీసేస్తే ఆ కిటికీల్లేని గదిలో ఉప్పుగాలి తింటూ ఉండటానికి ఇంకొకరు రారని ఇద్దరికీ తెలుసు. ఆ మాట అక్కడితో ఆగింది.

కొన్నేళ్ళు తీగకు ఏమీ కాలేదు. మరదలు కూతురు బడిలో పెద్ద తరగతికి వచ్చింది. అతని తల ముగ్గుబుట్టయింది. వాన ముసురు పట్టిన ఒక పగలు, దీపాలు మళ్ళీ ఎర్రబడ్డాయి. అతను యంత్రం జోలికి పోలేదు, ఫోను తీయలేదు. చెప్పులైనా వేసుకోకుండా రేవుకు పరుగెత్తాడు. అక్కడ నిలబడి, వచ్చిన పడవలను చూస్తూ, రాని పడవ కోసం ఎదురుచూశాడు. గాలి కాస్త నెమ్మదించాక ఒక పడవను ఇంకో పడవ లాక్కొచ్చింది. అందులోంచి ఒక కుర్ర సరంగు, అతని వెనక ఇద్దరు కళాసులు దిగారు. కుర్రాడు తల వంచుకుని వచ్చాడు.

"అన్నా, ఇంజను పోయింది. కొమ్ము దగ్గర వేసేశాను. నీ తీగ తెంపేశాను."

కేబులన్న అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు. మొహం తడిమాడు. వెనక ఉన్న ఇద్దరినీ పరీక్షగా చూశాడు. అక్కడే తడి ఇసుకలో కూలబడి, తమ్ముడు పోయిన రోజున కూడా ఏడవనంతగా, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాడు. కుర్రాడు బిక్కచచ్చిపోయి, "ఊరుకో అన్నా, ఓడ వస్తుందిగా" అంటూ వీపు నిమిరాడు.

తేరుకుని స్టేషన్‌కు బయల్దేరాడు. ఆసుపత్రి డిష్షు సంగతి చూడాలి, ఇంజనీరుకు చెప్పాలి. మరదలి ఇంటి ముందుగానే దారి. ఆమె వాన చినుకుల్లో గుమ్మం బయటే నిలబడి ఉంది. అతన్ని చూసి సందులోకి తిరగలేదు. అతనే తల వంచుకుని దాటిపోబోయాడు.

"ఎవరికీ ఏం కాలేదుగా?" అని వినబడింది.

అతను ఆగాడు. తలెత్తి చూసే ధైర్యం చాలలేదు. "లేదమ్మా. ముగ్గురూ వచ్చేశారు."

"సరే" అంది. తర్వాత లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.